మెట్టుపీటతో మొదలైన లెక్క

బీజింగ్ నడిబొడ్డున ఉన్న నిషిద్ధ నగరాన్ని మింగ్ చక్రవర్తి యోంగ్లే 1406లో కట్టించడం మొదలుపెట్టాడు. 1420 నాటికి పని పూర్తయింది. అప్పటి నుంచి 1912 దాకా 24 మంది మింగ్, చింగ్ చక్రవర్తులకు అదే ఇల్లు, అదే కచేరీ, అదే ఖజానా. అక్కడ తరతరాలుగా పోగుపడిన చిత్రాలు, చేతిరాతలు, కంచుపాత్రలు, పింగాణీ, జేడ్ శిల్పాలు ఇప్పుడు ఒక్క చోట లేవు. బీజింగ్‌లోని పాలెస్ మ్యూజియంలో 18 లక్షలకు పైగా వస్తువులున్నాయి. తైపీలోని నేషనల్ పాలెస్ మ్యూజియంలో దాదాపు 7 లక్షలున్నాయి. జనం రెండింటినీ ‘గూగోంగ్’ అనే పిలుస్తారు. పాత రాజప్రాసాదం అని దాని అర్థం. రెండూ తాము పుట్టింది 1925 అక్టోబరు 10ననే చెప్పుకుంటాయి.

ఈ సేకరణకు రూపురేఖలు దిద్దినవాడు చియాన్‌లోంగ్. 1735 నుంచి అరవై ఏళ్లు ఏలిన ఈ చక్రవర్తి మేలైన చిత్రాలన్నీ కోటకు రప్పించి, పండితుల చేత ‘షిచూ బావోజీ’ అనే వివరమైన పట్టికలు రాయించాడు. బొమ్మ ఎవరు గీశారు, దాని కొలతలేమిటి, మీద ఎవరెవరి ముద్రలున్నాయి అన్నవన్నీ వాటికెక్కాయి. చిక్కల్లా ఆయన చేతి దురదతోనే. నచ్చిన బొమ్మ మీద ముద్ర గుద్దకుండా, ఖాళీ కనిపిస్తే నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోయేవాడు. దాన్ని రసజ్ఞత అనేవాళ్లున్నారు. బొమ్మకు ఊపిరాడనివ్వని అధికారం అన్నా తప్పులేదు.

ఇందుకు మంచి ఉదాహరణ, 14వ శతాబ్దంలో హువాంగ్ గోంగ్‌వాంగ్ ఫూచున్ కొండలను సిరాతో గీసిన పొడవాటి చుట్టచిత్రం. 1650లో దాని యజమాని అవసానదశలో దాన్ని తగలబెట్టమన్నాడు. బంధువొకడు మంటలోంచి బయటికి లాగేసరికి అది రెండు ముక్కలైంది. పెద్ద ముక్క 1746లో కోటకు చేరింది. అయితే అంతకు ముందు ఏడాదే దాని నకలొకటి అక్కడికి వచ్చింది. చక్రవర్తి దాన్నే అసలనుకుని, యాభైకి పైగా వ్యాఖ్యలు రాసి ఖాళీ అన్నది లేకుండా నింపేశాడు. తర్వాత వచ్చిన అసలును నకలని తేల్చి పక్కన పెట్టించాడు. ఆ చిన్నచూపే దాన్ని కాపాడింది. ప్రస్తుతం ఆ నకలూ, అసలులోని పెద్ద ముక్కా తైపీలోనే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే, చక్రవర్తి కన్ను తప్పడం ఎంత మేలైందో తెలుస్తుంది.

భారతీయులు ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఈ సేకరణలో ఉన్నాయి. 1759లో షిన్‌జియాంగ్ ప్రాంతం చింగ్ ఏలుబడిలోకి వచ్చాక, ఆ దారిన మొఘల్ పనివాళ్లు చెక్కిన జేడ్ గిన్నెలు, పళ్లేలు కోటకు రాసాగాయి. పల్చటి అంచులు, తామర రేకులు, పొదిగిన రంగురాళ్లు చూసి చియాన్‌లోంగ్ ముగ్ధుడయ్యాడు. వాటిని ‘హిందుస్తాన్’ జేడ్ అన్నాడు. ఆ దేశం ఎక్కడుందో తేల్చడానికి 1768లో ఒక వ్యాసమే రాశాడు. గిన్నెల మీద తన పద్యాలు చెక్కించాడు. వాటిలో కొన్ని ఒట్టోమన్ తుర్కీ, మధ్య ఆసియా పనితనమని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఈ ‘హిందుస్తాన్’ జేడ్ కూడా ఎక్కువగా తైపీలోనే ఉంది. బీజింగ్‌లో ఉన్న జేడ్ కొండ వేరే తరహా. యూ మహారాజు వరదలను అదుపు చేసిన కథను చెక్కిన ఆ రాయి 2.24 మీటర్ల ఎత్తు, 5 టన్నుల పైచిలుకు బరువు. తర్వాత యుద్ధకాలంలో మిగతావాటిలా పెట్టెకెత్తి పంపగలిగేది కాదది.

ఈ సంపదను విదేశీ సైన్యాలు దోచుకున్నాయన్న మాట తరచూ వినిపిస్తుంది. 1860లో బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు కొల్లగొట్టి తగలబెట్టింది మాత్రం నగరం వెలుపలి యువాన్‌మింగ్‌యువాన్ విడిదిని. వేలంపాటలతో వార్తలకెక్కే కంచు జంతువుల తలలు అక్కడివే. నిప్పు పెట్టమని ఆదేశించిన లార్డ్ ఎల్గిన్ రెండేళ్లకే భారత వైస్రాయ్‌గా వచ్చాడు. నిషిద్ధ నగరానికి ఎక్కువ చేటు చేసింది మాత్రం ఇంటివాళ్లే.

1912లో గద్దె దిగిన పు యీని కొత్త ప్రభుత్వం లోపలి కోటలోనే ఉండనిచ్చింది. పన్నెండేళ్లలో ఎన్నో వస్తువులు తాకట్టుకు, అమ్మకానికి పోయాయి. 1923 జూన్‌లో నిల్వలు తనిఖీ చెయ్యమని పు యీ ఆదేశించగానే జియాన్‌ఫూ భవనం కాలిపోయింది. దొంగతనాలు బయటపడకుండా సేవకులే నిప్పు పెట్టారని ఆయన అనుమానించాడు. అలా అనుమానించిన పెద్దమనిషే తమ్ముడు పు జియేకు కానుకలన్న మిషతో వెయ్యికి పైగా చిత్రాలు, చేతిరాతలు బయటికి దాటించాడు. 1924 నవంబరు 5న సైన్యాధికారి ఫెంగ్ యూషియాంగ్ ఆయనను కోట నుంచి వెళ్లగొట్టాడు.

ఆ డిసెంబరులో మొదలైన లెక్కింపే ఈ సేకరణ చరిత్రలో అసలు మలుపు. సిబ్బంది జేబుల్లేని అంగీలు తొడుక్కుని, చేతుల అంచులు పట్టీలతో బిగించుకుని జట్లుగా లోపలికి వెళ్లారు. ఏ గదిలోకీ ఒక్కరే వెళ్లకూడదన్నది నియమం. జాబితాలో మొదటి అంకె పడింది రత్నాల పెట్టెకో పురాతన చిత్రానికో కాదు, గుమ్మం దగ్గర కనిపించిన రెండు మెట్ల చెక్కపీటకు. విలువైనవి ముందు అన్న ఆలోచనే లేకుండా, కంటబడింది కంటబడినట్టు రాసుకుపోవడంలోనే ఆ లెక్క నిజాయితీ ఉంది. మొత్తం 11.7 లక్షల వస్తువులు తేలాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ లెక్కింపులోనే పు యీ తమ్ముడికిచ్చిన కానుకల చిట్టా దొరికింది. దాన్ని అచ్చువేసి లోకానికి చూపించారు. ఈ లెక్కింపు సాగుతుండగానే, 1925 అక్టోబరులో, ఒకప్పుడు సామాన్యుడు అడుగుపెట్టలేని కోట టికెట్టు కొన్నవారికల్లా తెరుచుకుంది.

ఆరేళ్లు తిరక్కుండానే జపాన్ మంచూరియాను ఆక్రమించింది. 1933లో 13,427 పెట్టెలకు ఎత్తిన కోట సంపద రైళ్లలో దక్షిణానికి కదిలింది. 1937లో యుద్ధం ముదిరాక మూడు దారుల్లో పడమటికి సాగింది. ఒక దారిన వెళ్లిన 80 పెట్టెలను అన్షున్ దగ్గర గుహలో దాచారు. 9 వేలకు పైగా పెట్టెలు లెషాన్ సమీపంలోని పల్లె గుళ్లలో, పూర్వీకుల మందిరాల్లో యుద్ధం ముగిసేదాకా ఉన్నాయి. ఇంత ప్రయాణంలో దెబ్బతిన్నవి చాలా తక్కువ. ఆ ఘనత సేనాపతులది కాదు, గడ్డి, దూది కుక్కి పెట్టెకు పెట్టె అంకె సరిచూసిన ఉద్యోగులది.

అంతర్యుద్ధంలో ఓడుతున్న చియాంగ్ కై షేక్ ప్రభుత్వం 1948 చివర, 1949 మొదట్లో మూడు ఓడల్లో 2,972 పెట్టెలను తైవాన్‌కు తరలించింది. అంకెల్లో అది నాలుగో వంతు కూడా కాదు. నాణ్యంలో మాత్రం ఏరి తీసిన సరుకు. ఫాన్ క్వాన్ గీసిన కొండల చిత్రం, గువో షీ 1072లో గీసిన తొలి వసంతం తైపీకే దక్కాయి. జనం బారులు తీరేది మాత్రం 18.7 సెంటీమీటర్ల జేడ్ క్యాబేజీ ముందు. రాయిలోని తెలుపును కాడకు, ఆకుపచ్చను ఆకుకు వాడుకుని, ఆకుల మీద మిడతలను చెక్కిన పనితనం ముచ్చటైనదే. ఫాన్ క్వాన్ కొండల ముందు నిలబెట్టదగ్గది మాత్రం కాదు.

బీజింగ్‌కు మిగిలిన ఆణిముత్యం ఝాంగ్ జెదువాన్ గీసిన చింగ్‌మింగ్ నదీతీర చిత్రం. అది అక్కడ ఉండడానికి కారణం పు యీ చేసిన దొంగతనమే. ముందే కోట దాటిపోవడం వల్ల అది పెట్టెల్లోకి ఎక్కలేదు. జపాన్ ఓటమి తర్వాత ఈశాన్య చైనాలో దొరికి, 1950లలో బీజింగ్ చేరింది. చియాన్‌లోంగ్ తన చిన్న గదికి ‘మూడు అరుదుల మందిరం’ అని పేరు పెట్టుకున్నది మూడు పురాతన ఉత్తరాల వల్ల. వాటిలో వాంగ్ షీఝీ పేరిట ఉన్నది తైపీలో ఉంది. బయటికి పోయిన మిగతా రెండింటినీ 1951లో హాంకాంగ్‌లో కొని బీజింగ్ తెచ్చుకుంది.

అసలు గూగోంగ్ ఏది అన్న వాదన వల్ల ఏ బొమ్మకూ ఒరిగేది లేదు. 2009లో బీజింగ్ 37 వస్తువులను తైపీ ప్రదర్శనకు అరువిచ్చింది. 2011లో ఫూచున్ చిత్రం చిన్న ముక్క హాంగ్‌జౌ నుంచి వచ్చి తైపీలో పెద్ద ముక్క పక్కన నిలిచింది. ఎదురు ప్రయాణం మాత్రం జరగలేదు. వెళ్లిన వస్తువును అక్కడ జప్తు చెయ్యరన్న చట్టబద్ధ హామీ తైపీ అడుగుతోంది. ఆ కోరిక న్యాయమైనదే. జపాన్ 2011లో అలాంటి చట్టం చేశాకే, 2014లో జేడ్ క్యాబేజీ రెండు వారాలు టోక్యోలో కనిపించింది. బీజింగ్ దృష్టిలో తైవాన్ పరాయి దేశం కాదు కాబట్టి, హామీ ఇస్తే వేరే దేశమని ఒప్పుకున్నట్టవుతుందన్న శంక ఉంది. ఆ ముడి వీడే దాకా, రెండు మ్యూజియంల జాబితాలను కలిపి ఒకే పట్టికగా అచ్చువేయడానికి ఏ చట్టమూ అక్కర్లేదు. 1920లలో చేతనైన పని ఇప్పుడు చేతకాదనడం కుదరదు.