విజయనగర్ కాలనీ ఎవరు పెట్టిన భిక్ష?

చీరాల టేషన్లో దిగి విజయనగర్ కాలనీకి దారి ఎటని అడిగి చూడండి. దారి చెప్తారు. దాంతోపాటు ఓ మాట కూడా అంటారు: "అదా! కారంచేడు బాధితులకి గవర్నమెంటోళ్లు కట్టిచ్చిన కాలనీ గదా!" నలభై ఏళ్లుగా ఇదే మాట. చెప్పేవాడు చెడ్డోడేం కాకపోవచ్చు. మనోళ్లు కూడా కొందరు ఇట్టాగే అంటన్నారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయాల్సొచ్చింది.

గవర్నమెంటు ఇళ్లు ఇచ్చింది, నిజమే. ఎందుకిచ్చింది? ఆ సంగతి ఎవరూ చెప్పరేం?

1985 జులై 16న కారంచేడు మాదిగపల్లె జనం తాగే చెరువు దగ్గర ఒక కమ్మ కుర్రాడు గేదెల కుడితి బాల్చీ కడిగి ఆ మురికి నీళ్లలో కలిపాడు. అదేందని అడిగిన మాదిగ పిల్లాణ్ణి కొట్టాడు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలబడింది. అంతే జరిగింది. ఒక ఆడమనిషి చేతిలో బిందె పైకి లేచినందుకు తెల్లారి, జులై 17న, వందల మంది భూస్వాముల మూక గొడ్డళ్లూ బరిసెలూ పట్టుకుని పల్లె మీద పడ్డది. చేలల్లోకి పరిగెత్తినోళ్లని కూడా తరిమి నరికారు. ఆరుగురు మాదిగలు చచ్చిపోయారు. ఆడపిల్లల్ని చెరిచారు. ఆ ఏడాది మార్చి ఎన్నికల్లో పల్లె తాము చెప్పిన గుర్తుకి ఓటు వెయ్యలేదన్న కసి కూడా లోపల ఉందని అప్పట్లో అందరూ చెప్పుకున్నదే.

ప్రాణాలతో మిగిలినోళ్లు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అసలు కథ అక్కణ్ణుంచి మొదలవుద్ది. పత్రికలు చావులు లెక్కపెట్టాయి గానీ ఈ కథ రాయలేదు.

ఆ రోజుల్లో సర్కారుకి కావలసింది ఒక్కటే. జనం తిరిగి ఊరెళ్లిపోవాలి. పోలీసు కాపలా పెడతాం, నష్టపరిహారం ఇస్తాం, పెద్దమనుషులతో మాట్లాడతాం, ఊరికి పొండి అన్నారు. ఎందుకంత తొందర? ఊళ్లో మాదిగ లేకపోతే కృష్ణా పశ్చిమ డెల్టా కాలవ నీళ్లతో పండే ఆ మాగాణి ఎవరు నాటాలి, ఎవరు కొయ్యాలి, పొగాకు ఎవరు కొట్టాలి? పాలేరు వెళ్లిపోతే ఆసామి చేతికి మట్టి అంటుద్ది. శవాలు లేచినాక కూడా వాళ్లకి మన చేతులు కావాల్సొచ్చాయి!

మనోళ్లు వెళ్లలేదు. చేతిలో చిల్లిగవ్వ లేదు, చంకన పసిపిల్లలు, గుడిసెల్లో ఉన్న సామానంతా పోయింది. అయినా ఊరికి పోమన్నారు. ఆ పోమన్న మాట మీదే కాలనీ లేచింది. పొన్నూరులో సంస్కృతం లెక్చరరుగా ఉన్న కత్తి పద్మారావు ఆ శిబిరానికొచ్చి నిలబడ్డాడు. హైకోర్టులో గవర్నమెంటు ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవికి రాజీనామా కొట్టి వచ్చాడు. దళిత మహాసభ 1985లోనే ఆ నిప్పులోంచి పుట్టింది. ఊరూరి నుంచీ మాలమాదిగలు శిబిరానికి కదిలారు. ఆ వత్తిడికి తట్టుకోలేక సర్కారు చీరాలలో స్థలం చూపించింది, ఇళ్లు కట్టింది. ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరి దానం? ఎవరు ఎవరికి లొంగారు?

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఊరు విడిచిపోవడం చీరాలకి కొత్తేం కాదు. తెల్లదొరల సర్కారు చీరాల, పేరాల కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు బాదితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద సుమారు 13 వేల మంది ఇళ్లూ వాకిళ్లూ వదిలి ఊరిబయట పాకలేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని పదకొండు నెలలున్నారు. గొప్ప త్యాగమే, కాదనం. మన పిల్లలు బడిలో ఆ పాఠం చదువుతారు, పరీక్షలో రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ రామనగర్లో మాలమాదిగల పాకలు ఏ దిక్కున వేయించారో పాఠంలో ఉందా? మేం అడుగుతున్నాం, మీ పిల్లల్ని కూడా అడగమనండి.

పన్నుకి ఎదురుతిరిగి పదకొండు నెలలు ఊరు విడిచిన వాళ్లు చరిత్ర అయ్యారు. చివరికి వాళ్లు ఎవరిళ్లకి వాళ్లు తిరిగెళ్లారు కూడా. ప్రాణానికీ మానానికీ ఊరు విడిచి, నలభై ఏళ్లయినా తిరిగెళ్లని మాదిగలు మాత్రం "బాధితులు". వాళ్ల ఆంధ్రరత్నకి పాఠం ఉంది, మన సువార్త బిందెకి పాఠం ఎక్కడ? అదే చీరాల నేల. రామనగర్‌ది ఉద్యమమట, విజయనగర్‌ది పునరావాసమట. పుస్తకాలు రాసే కులమేదో ఈ రెండు మాటలు పక్కపక్కన పెడితే తెలిసిపోద్ది.

బాబాసాహెబ్ ఈ సంగతి ముందే చెప్పాడు. 1942 జులైలో నాగపూరులో జరిగిన అఖిల భారత షెడ్యూల్డు కులాల మహాసభ, హిందూ ఊళ్లకి దూరంగా అంటరానివాళ్లకి సొంత ఊళ్లు కావాలని తీర్మానం చేసింది. ఊరి పక్కన వాడగా ఉన్నంతకాలం కూలీ వాళ్ల చేతిలో, నీళ్లు వాళ్ల చేతిలో, దారి వాళ్ల చేతిలో ఉంటాయి గనక మనిషి లేవలేడని ఆయన లెక్క. ఆ తీర్మానం ఏ సర్కారూ అమలు చెయ్యలేదు. సరిగ్గా 43 ఏళ్లకి, అదే జులై నెలలో, ఆ తీర్మానం పేరు కూడా వినని కూలి జనం తమ కాళ్లతో దాన్ని అమలు చేశారు.

కాలనీలోకి పోయి చూస్తే, ఓ పల్లె పల్లెంతా బంధుత్వాలతో సహా లేచొచ్చి పట్నంలో కూర్చున్నట్టుంటది. అత్తా, బావా, పెద్దమ్మా, చిన్నాయనా అని పిలుచుకునే జనం. పేర్లేమో మోషే, ఏసు, సువార్త. కులం సర్టిఫికెట్ దగ్గరకొస్తే మళ్లీ వేరే లెక్క, బైబిలు పట్టుకున్నోడికి ఎస్సీ హోదా లేదని 1950 నుంచీ ఈ దేశపు చట్టం. చచ్చేటప్పుడు మాదిగే, కాగితం మీద మాత్రం కాదట! ఈ చిక్కు మీద ఇంకోసారి వివరంగా రాస్తాం.

ఇక్కడ ఎవరి చెరువు గట్టునో నిలబడి బిందెకి బతిమాలే పని లేదు. ఆసామి ఎదురొస్తే చెప్పులు చేత పట్టుకునే పని లేదు. ఇది చిన్న సంగతని అనుకునేవాడు ఒక్కరోజన్నా మాదిగపల్లెలో బతికుండడు. అట్టాగని కులం పొలిమేర దగ్గరే ఆగిపోయిందనీ మేం అనం. పట్నంలో అది చొక్కా మార్చుకుంటది. పల్లెలో "నువ్వు ఏ వైపు?" అని అడిగేవాళ్లు, ఇక్కడ "ఏ కాలనీ?" అని అడుగుతారు. జవాబు వినగానే ముఖం మారుద్ది. అందుకేనేమో కాలేజీకెళ్లే మన కుర్రాళ్లు కొందరు ఆ పేరు మింగేస్తుంటారు. తమ్ముళ్లారా, అది మింగే పేరా? మీ తాతలు పోమన్న మాటకి ఊరు పెట్టిన పేరది!

ఇక కోర్టు సంగతి. కింది కోర్టు శిక్షలేస్తే హైకోర్టు కొట్టేసింది. చివరికి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకడికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు వేసింది. ఆరు ప్రాణాలకి ఇరవై మూడేళ్ల నిరీక్షణ. ఈ లోపల ఎంతమంది సాక్షులు ముసలోళ్లయిపోయారో, ఎంతమంది పోయారో. న్యాయం కోసం కూర్చోకుండా తమ బతుకు తాము నిలబెట్టుకున్నారు గనకే ఆ తీర్పు వినడానికి కొందరైనా మిగిలారు.

మనల్ని మనం కూడా ఒక మాట అనుకోవాలి. ప్రతి జులై 17న బండ్లు కట్టుకుని వస్తాం, దండలేస్తాం, మైకులో గొంతు చించుకుంటాం, సాయంత్రానికి బస్సెక్కుతాం. మిగతా 364 రోజులు ఆ ఇళ్లల్లో ఏం జరుగుతోందో ఏ సంఘం పట్టించుకుంది? మేమూ పట్టించుకోలేదు, ఒప్పుకుంటన్నాం. ఇల్లొచ్చింది గానీ ఇంటి గోడ తిని బతకలేం గదా! సెంటు భూమి లేకుండా ఊరొదిలిన కూలోడు పట్నంలోనూ కూలోడే అయితే, ఆ కూలి సంగతి మన జెండాల్లో ఎక్కడుంది?

చర్చి ఆవరణలో చంకబిడ్డలుగా ఉన్నోళ్లకి ఇప్పుడు నలభై దాటింది. వాళ్లని ఎత్తుకొచ్చిన అమ్మలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఇప్పటికి జిల్లా పేరు కూడా మారింది, 2022 నుంచి చీరాల బాపట్ల జిల్లాలోకి పోయింది. కాగితాలు ఒంగోలు నుంచి బాపట్లకి చేతులు మారేటప్పుడు ఏ కట్ట ఏ గదిలో చెదలు పడుద్దో మనకి తెలవదా?

అందుకని వచ్చే జులైలో చీరాల వచ్చే కార్యకర్తలకి మా మనవి. దండతో పాటు ఓ నోటుబుక్కు తెచ్చుకోండి. మీటింగుకి ముందు రోజే దిగండి. ఒక్కో ఇంటి గడపలో కూర్చోండి. చర్చిలో ఎన్ని నెలలున్నారు, గంజి ఎవరు పోశారు, తిరిగి పొమ్మని ఎవరెవరు వచ్చారు, పోమని మొదట అన్నదెవరు, కాలనీకి ఈ పేరు ఎట్టా వచ్చింది, మొదటి రాత్రి ఆ ఇంట్లో ఎట్టా పడుకున్నారు, అన్నీ అడగండి. వాళ్లు చెప్పిన మాట చెప్పినట్టే రాయండి, మన ఉపన్యాస భాషలోకి మార్చబోకండి. రాసింది మాకు పంపితే ఒక్క ముక్క తీసెయ్యకుండా అచ్చేస్తాం.