పాత కార్డు మీద పడే నింద

పాత సర్వర్‌లో కొత్త లైనక్స్ వేయబోతే, కంట్రోలర్ కార్డుకు తగిలించిన డిస్కుల్లో ఇన్‌స్టాలర్‌కు ఒక్కటీ కనపడదు. వెంటనే వినిపించే తీర్పు: "కార్డు పాతబడింది, లైనక్స్ గుర్తించదు, కొత్తది కొనండి." ఈ మాట ఎంత పాతుకుపోయిందంటే, నిజమో కాదో చూసేవాళ్లే కరువయ్యారు. ఇది తప్పు. గుర్తించలేకపోవడం వేరు, గుర్తించొద్దని ఒకరు నిర్ణయించడం వేరు.

ఎల్ఎస్ఐ వారి ఎస్ఏఎస్2008 చిప్‌నే తీసుకోండి. 9211-8ఐ కార్డులో, డెల్ పెర్క్ హెచ్200లో, ఐబీఎం ఎం1015లో ఉన్నది ఇదే. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 7లో శుభ్రంగా పనిచేసింది. 2019లో 8 వచ్చేసరికి డిస్కులు మాయం. ఇన్‌స్టాలర్‌లోంచే షెల్ తెరిచి "ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే" కొట్టండి. కార్డు పేరు వస్తుంది, పక్కన 1000:0072 అని నంబరు వస్తుంది. మొదటి సగం తయారీదారుది, రెండోది చిప్‌ది. అంటే కార్డు బతికే ఉంది, స్లాట్ బాగానే ఉంది. లేనిదల్లా కింద డ్రైవర్ పేరు చెప్పే వరుస.

ప్రతి డ్రైవర్ దగ్గరా అది నడపగల చిప్‌ల నంబర్ల జాబితా ఉంటుంది. అందులో లేని కార్డు జోలికి డ్రైవర్ పోదు. ఈ చిప్‌ని నడిపే ఎంపీటీ3ఎస్ఏఎస్ అసలు జాబితాలో 0072 ఉంది. అందుకే డెబియన్ 12 ఇదే కార్డు మీద హాయిగా నడుస్తుంది. రెడ్‌హ్యాట్ తన కెర్నల్‌లో ఆ నంబరు కొట్టేసింది, అంతే. ఇలా తీసేసిన పాత పరికరాల్లో చాలావాటిని, రెడ్‌హ్యాట్‌కు అనుగుణంగా తయారయ్యే ఆల్మాలైనక్స్ 2024లో, 9.4 విడుదలతో, వెనక్కి తెచ్చింది. చచ్చిన కార్డులైతే తేగలిగేదా?

ఏళ్ల తరబడి మద్దతిస్తామని మాటిచ్చిన సంస్థ ప్రతి పాత కార్డునూ పరీక్షిస్తూ కూర్చోలేదంటారు. ఒప్పుకుంటాను. కానీ తీసేసిన నంబర్ల పట్టిక వాళ్ల పత్రాల్లో ఉంది, ఇన్‌స్టాల్ చేసేవాడి తెర మీద లేదు. "ఈ కార్డుకు మద్దతు ఆపేశాం" అన్న ఒక్క వాక్యం అక్కడ ఉంటే ఎన్ని కార్డులు చెత్తబుట్టలో పడకుండా ఉండేవి! ఆ మౌనమే నాకు కోపం తెప్పిస్తుంది.

దారి లేకపోలేదు. ఎల్‌రెపో అనే ప్రాజెక్టు వాళ్లు ఇచ్చే డ్రైవర్ డిస్క్ పెట్టి, బూట్ వరుసకు "ఐఎన్ఎస్‌టీ.డీడీ" చేర్చితే డిస్కులు కనపడతాయి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే వాళ్ల కీ నమోదు చేయాలి. కెర్నల్ మార్చినప్పుడు డ్రైవర్ ప్యాకేజీ కూడా దానికి సరిపోయేది ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే మర్నాడు సర్వర్ బూట్ కాదు.

కార్డు మార్చాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ముందుతరం ఎస్ఏఎస్1068 చిప్ 2 టెరాబైట్లు దాటిన డిస్కును పూర్తిగా వాడలేదు. దాన్ని తీసేయమంటే అభ్యంతరం లేదు. ఎస్ఏఎస్2008కి ఆ హద్దు లేదు. దాని ఒక్కో పోర్టు సెకనుకు 6 గిగాబిట్లు మోస్తుంది, తిరిగే హార్డ్‌డిస్కుల్లో చాలావరకు అందులో సగం కూడా నింపలేవు.