డోలుకు ఒక పీరియడ్ ఇవ్వండి



ఆశ్రమ పాఠశాలల్లో చదివిన మనందరికీ ఈ సంగతి తెలుసు. పెద్ద ఆఫీసరు వస్తున్నారంటే రెండు రోజుల ముందు నుంచే హడావుడి. మనల్ని వరుసలో నిలబెట్టి డ్యాన్సు ప్రాక్టీసు చేయించేవాళ్ళు. ఆయన కారు గేటు దాటగానే డోలు స్టోర్ రూంలోకి, మనం స్టడీ అవర్‌లోకి. టైం టేబుల్‌లో డ్రాయింగ్ పీరియడ్ రాసి ఉండేది, కానీ అందులో మాకు చెప్పింది లెక్కలే.

లెక్కలు వద్దని మేము అనడం లేదు. పరీక్ష పాసవ్వాలి, ఉద్యోగం రావాలి, నిజమే. "ఆటపాటలు కూడు పెడతాయా?" అని మన అమ్మానాన్నలే అడుగుతారు. కానీ ఒకటో తరగతిలో చేరిన రోజు గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లకు బడిలో తెలుగు అర్థం కాదు. నోరు తెరవదు. సార్లు "మొద్దు" అనుకుంటారు. అదే పిల్లకు సుద్దముక్క ఇచ్చి మీ ఇల్లు గీయమంటే, ఇంటి ముందున్న ఇప్పచెట్టుతో సహా గీస్తుంది. దాని పేరు ఆమె తన భాషలో చెబుతుంది, టీచరు తెలుగులో చెబుతారు. చదువు అక్కడ మొదలవుతుంది. బొమ్మ, పాట, ఆట చదువుకు అడ్డం కాదు, మన పిల్లలకు అవే మొదటి మెట్టు.

ఇంకో మాట. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు. మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. సమ్మక్క సారలమ్మల కథ రామచంద్రయ్య గారి గొంతులో ఉండేది. అలాంటి పెద్దలు ఉండగానే వారానికి ఒక్క రోజు బడికి పిలిచి ఉంటే ఎంతమంది పిల్లలు నేర్చుకునేవాళ్ళో!

ఇది దయతో ఇచ్చేది కాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే ఉంది: 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి మించి పిల్లలుంటే ఆర్ట్ నేర్పడానికి పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. ఆ పనికి మన ఊరి డోలు తాతను, గోడల మీద బొమ్మలు వేసే సవర అక్కను ఎందుకు పెట్టకూడదు? డిగ్రీ లేదంటారా? వాళ్ళు నేర్పేది ఏ డిగ్రీలోనూ లేదు కదా. వాళ్ళకు గౌరవంగా జీతం ఇవ్వాలి. పిల్లలు పాతది నేర్చుకుని ఆగిపోకుండా, తమ సొంత పాట కట్టుకోవాలి, తమ బొమ్మ తామే గీసుకోవాలి.

అందుకే ఒక చిన్న పని చేద్దాం. ఈసారి మీ ఊరి బడిలో తల్లిదండ్రుల మీటింగ్ జరిగితే వెళ్ళి రెండు ప్రశ్నలు అడగండి. డ్రాయింగ్ పీరియడ్‌లో ఏం చెబుతున్నారు? ఆర్ట్ ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా? వచ్చిన జవాబు ఇక్కడ రాయండి. అన్ని ఊళ్ళవీ కలిపి ఐటీడీఏ పీవో గారికి ఒకే వినతిపత్రం ఇద్దాం.

ఈలోపు సెలవులకు ఇంటికెళ్తే తాత పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేయండి, ఆ తర్వాత డోలు మీరే చేతిలోకి తీసుకోండి.