మాటల పెట్టె: పిప్పికి అరవై పాయింట్లు

సెలవులు వచ్చాయంటే నందిపేట్‌లో పిల్లలున్న ఇండ్లలో కొన్నింట స్క్రాబుల్ అట్ట బయటికి వస్తుంది. అట్ట లేనివారు ఫోనులో ఆడుకుంటారు. ఆ వెంటనే తల్లిదండ్రుల నుండి మాకు వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఎవ్వరికీ తెలియని ఇంగ్లీషు మాటలు కొన్ని వ్రాయండి, మా వాడు గెలవాలి." ఈ నెల అట్టి మాటలే వ్రాస్తున్నాము. అయితే అవి ఎవ్వరికీ తెలియనివి కావు. ఆ సంగతి మీరే చూస్తారు.

ముందు ఆట సంగతి రెండు మాటలు. అమెరికాలో 1930లలో పనులు దొరకని కాలమున ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే భవన శిల్పి ఈ ఆటను కల్పించాడు. ఏ అక్షరము ఎన్నిసార్లు వస్తుందో వార్తాపత్రికలలో లెక్కపెట్టి, దానిని బట్టి బిళ్ళలు, పాయింట్లు నిర్ణయించాడు. మొత్తం 100 బిళ్ళలు. అందులో ఇ 12 ఉంటే, క్యూ ఒక్కటే, జెడ్ ఒక్కటే; ఆ రెండింటికి పదేసి పాయింట్లు. చేతిలోని ఏడు బిళ్ళలూ ఒకేసారి పెట్టగలిగితే అదనంగా 50. స్క్రాబుల్ అనే పేరు 1948లో వచ్చింది.

ఇక పిల్లలు చేసే పని ఏమిటంటే, వింత మాటల పట్టిక ఒకటి సంపాదించి అర్థము జోలికి పోకుండా బట్టీ పడతారు. అలా గెలిచినవారు లేకపోలేదు. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి భాష మాట్లాడటం రాకుండానే, ఫ్రెంచి మాటలు కంఠస్థము చేసి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ పోటీలో జగజ్జేతగా నిలిచాడు. ఆయన జ్ఞాపకశక్తికి నమస్కారమే. కాని ఆయనకు ఆ భాషతో వేరే పని లేదు. మన పిల్లలకు ఇంగ్లీషుతో పని ఉన్నది. రేపు దానిలోనే దరఖాస్తు వ్రాయాలి, దానిలోనే ఇంటర్వ్యూకు పోవాలి.

కనుక మన పొలము నుండే మొదలుపెడదాము. చెరకు రసము తీసిన తరువాత మిగిలే పిప్పిని ఇంగ్లీషులో బగాస్ అంటారు: బి, ఎ, జి, ఎ, ఎస్, ఎస్, ఇ. సరిగ్గా ఏడు అక్షరాలు! విలువ పదే అయినా ఏడూ ఒక్కసారి పెడితే 60. బోధన్ వైపు చెరకు మిల్లులో పనిచేసిన పెద్దలను అడిగి చూడండి, బాయిలర్ క్రింద కాల్చేది ఇదేనని చెబుతారు. నరికిన చెరకు మొదళ్ళ నుండి మళ్ళీ చిగిర్చి వచ్చే పంటను మనము కార్శి తోట అంటాము. ఇంగ్లీషులో దాని పేరు రటూన్: ఆర్, ఎ, టి, ఒ, ఒ, ఎన్. చిగురు అనే అర్థమున్న స్పానిష్ మాట నుండి వచ్చింది. బెల్లమును జాగరీ అంటారు, ఇదీ ఏడక్షరాలే: జె, ఎ, జి, జి, ఇ, ఆర్, వై. జె ఒక్కదానికే ఎనిమిది కనుక గళ్ళ హెచ్చింపు లేకుండానే 69 వస్తుంది. ఈ మాటను పోర్చుగీసువారు మన దక్షిణ దేశములోనే నేర్చుకొని పోయారు. దాని మూలము సంస్కృత శర్కర. షుగర్‌కు మూలమూ శర్కరే, అరబ్బీ మీదుగా పోయింది. 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినా, ఆ ఫ్యాక్టరీ ఊరు శక్కర్‌నగర్ పేరులో ఆ మాట నిలిచే ఉన్నది.

చెరకు మడ్డిని పోలిన చిక్కని పాకమును ట్రీకల్ అంటారు. ఇదీ ఏడక్షరాలే: టి, ఆర్, ఇ, ఎ, సి, ఎల్, ఇ. దీని కథ విచిత్రము. గ్రీకులో ఈ మాటకు విషజంతువుల కాటుకు విరుగుడు అని అర్థము. ఆ మందును పాకములో కలిపి ఇచ్చేవారు. కాలక్రమమున మందు పోయి పాకము మిగిలింది! 1568 నాటి ఇంగ్లీషు బైబిలులో యిర్మీయా 8వ అధ్యాయమున, మన తెలుగు బైబిలులో గుగ్గిలము అని ఉన్నచోట ఈ ట్రీకల్ మాటనే వాడారు. అందువలన ఆ ప్రతిని వేడుకగా ట్రీకల్ బైబిలు అంటారు.

బైబిలు మాట వచ్చింది గనుక, సండే స్కూలు పిల్లలకు ఇంకో లాభము. ఓమెరు, ఏఫా, సెలా మూడూ ఈ ఆటలో చెల్లుతాయి. ఓమెరు ఏఫాలో పదవ వంతు. ఏఫాలో హెచ్ రెండుసార్లు వస్తుంది కనుక 13 పాయింట్లు. సెలాకు అర్థము పండితులకే తేలలేదు. పిల్లవాడు చెప్పలేకపోతే కోప్పడవద్దు.

ఊళ్ళ పేర్లు చెల్లవు. నిజామాబాద్ అని పెడితే తీసివేస్తారు. నిజాం మాత్రము చెల్లుతుంది, 16 పాయింట్లు. మన అక్కాచెల్లెండ్లు చుట్టే బీడీ చెల్లుతుంది. బాండికూట్ చూసి భయపడవద్దు, అది మన చెరకు తోటలను కొరికే పందికొక్కే. తెలుగు నుండే పోయింది. ఆస్ట్రేలియాలో అదే పేరుతో పిలిచే జంతువు మాత్రము వేరు, దానికి పొట్ట దగ్గర సంచి ఉంటుంది.

పట్టికలలో తరచుగా కనబడే మరొక మాట లాజర్: ఎల్, ఎ, జెడ్, ఎ, ఆర్. 14 పాయింట్లు. కుష్ఠు సోకినవారిని పూర్వము ఐరోపాలో ఇలా పిలిచేవారు. లూకా 16వ అధ్యాయములో ధనవంతుని వాకిట కురుపులతో పడియున్న లాజరు పేరే ఇది. అట్టివారిని ఉంచే ఇండ్లు ఊరి వెలుపల ఉండేవి. మనకు దగ్గరలోనే డిచ్‌పల్లి ఉన్నది. అక్కడ 1915లో స్కాట్లాండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ కుష్ఠు వ్యాధిగ్రస్తుల కొరకు విక్టోరియా ఆసుపత్రి స్థాపించారు. ఆమె వెస్లియన్ మిషనుకు చెందినవారు. సహాయము చేసినవారు నర్సాగౌడ్ అనే హిందూ దాత. ఆ రోజులలో చాల్‌మూగ్రా గింజల నూనె సూదులే వైద్యము. ఇప్పుడు మాత్రలతో పూర్తిగా నయమవుతుంది, మందులు ఉచితము.

2021లో స్క్రాబుల్ కంపెనీ మాటెల్ మనుషులను కించపరచే మాటలు సుమారు 400 తన పట్టిక నుండి తీసివేసింది. అట్ట మీద మాటకు అర్థము ఉండదు, పాయింట్లే ఉంటాయని కొందరు ఆటగాళ్ళు వాదించారు. మేము ఆ వాదనను ఒప్పుకోము. లాజర్ పెట్టవద్దని కాదు. పెట్టిన పిల్లవానికి, అది ఎవరి పేరో మీకు తెలిసినంత చెప్పండి. డిచ్‌పల్లి మీదుగా బస్సులో పోయేటప్పుడు చెబితే ఇంకా మంచిది.

ఈ నెల చిక్కుముడి: సి, ఐ, యు, బి, టి. సరిచేస్తే నోవహు ఓడను కొలిచిన కొలత. మొత్తము తొమ్మిది పాయింట్లు. జవాబు వచ్చే సంచికలో.