సగంలో ఆగిన పాత కారు: పెట్టిన ఖర్చు వేరు, పలికే ధర వేరు

ఇంటి వెనక రేకుల షెడ్డు. టార్పాలిన్ పట్టా కింద ఓ పాత అంబాసిడర్. చక్రాలుండాల్సిన చోట ఇటుకలు. ఇంజన్ ఓ మూల గోనెసంచి కప్పుకుని ఉంది. సీట్లు అటక మీద, బంపర్లు మంచం కింద, నట్లు, బోల్టులు పాత పెయింట్ డబ్బాల్లో. కొన్నేళ్ల కిందట ఎంతో ఇష్టంగా మొదలుపెట్టిన పని మధ్యలో ఆగింది. డబ్బు అయిపోయి ఉండొచ్చు, మేస్త్రీ చేతులెత్తేసి ఉండొచ్చు, మొదలుపెట్టిన మనిషే లేకుండా పోయి ఉండొచ్చు. ఇంట్లోవాళ్లకు ఇప్పుడు మిగిలింది ఒకటే ప్రశ్న. దీన్ని ఎంతకు అమ్మాలి?

చూడ్డానికి ఇది ఒక ఇంటి సమస్యే. కానీ దీని వెనక ఒక విధానపరమైన లోపం కూడా ఉంది. పూర్తిగా బాగుచేసిన పాత కారుకు మన చట్టంలో చోటుంది. పనికిరాదని తేలిన కారును తుక్కు చేయడానికీ ఒక పద్ధతి ఉంది. ఈ రెంటికీ మధ్య, విప్పేసిన స్థితిలో ఉన్న కారు ఏమిటన్నది మాత్రం ఏ నిబంధనా చెప్పదు. ధర విషయంలో వచ్చే గందరగోళంలో సగం ఇక్కడే పుడుతోంది.

పెట్టింది ధర కాదు

అమ్మేవాళ్లు సాధారణంగా చేసే పని బిల్లులన్నీ కూడటం. కారు కొన్నది లక్షా ఇరవై వేలు, టింకరింగ్‌కు రెండు లక్షలు, ఇంజన్ పనికి లక్షన్నర, విడిభాగాలకు లక్ష. మొత్తం రూ. 5.7 లక్షలు. కనీసం ఐదయినా రావాలంటారు. కొనేవాడి లెక్క అటు చివర నుంచి మొదలవుతుంది.

ఉదాహరణకు, అదే మోడల్ కారు పూర్తిగా తయారై, కాగితాలన్నీ సక్రమంగా ఉంటే రూ. 8 లక్షలు పలుకుతుందనుకుందాం. మిగిలిన పెయింటింగ్‌కు లక్షన్నర, క్రోమ్, రబ్బరు భాగాలకు 80 వేలు, వైరింగ్, సీట్లకు లక్ష, ఇంజన్‌లో మిగిలిన పనికి 70 వేలు. అంటే ఇంకా రూ. 4 లక్షల పని ఉంది. పాత కారు పని ఎన్నడూ అనుకున్న ఖర్చులో తెమలదు కాబట్టి అదనంగా 30 శాతం పక్కన పెట్టాలి. అది రూ. 1.2 లక్షలు. ఎనిమిదిలోంచి 5.2 తీసేస్తే మిగిలేది రూ. 2.8 లక్షలు. అందులోనే కొనేవాడి ఏడాది శ్రమ, డబ్బు ఇరుక్కుపోతుందన్న భయం, కారును ట్రక్కులో ఎక్కించి తీసుకెళ్లే ఖర్చు ఇమడాలి. అందుకే అతను రెండు లక్షల దగ్గర ఆగుతాడు.

ఈ అంకెలు ఊహకోసం వేసినవే అయినా తర్కం మాత్రం ఎక్కడైనా ఇదే. ఐదు లక్షల డెబ్భై వేలు పెట్టినవాడికి రెండు లక్షలు దోపిడీలా కనిపిస్తాయి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అనిపిస్తుంది. కానీ కొనేవాడు మోసం చేయడం లేదు. జరిగిన పనికి కాకుండా మిగిలిన పనికి లెక్క కడుతున్నాడు.

కనిపించని పనికి విలువ లేదు

ఇంకో చిక్కు నమ్మకానిది. వాడిన కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. సరుకు లోగుట్టు అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియనప్పుడు కొనేవాడు ప్రతి సరుకునూ అనుమానించి ధర తగ్గిస్తాడు. దాంతో మంచి సరుకున్నవాళ్లు మార్కెట్ నుంచి తప్పుకుంటారని ఆయన వాదన. ఈ కృషికే 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. మామూలు సెకండ్‌హ్యాండ్ కారును కనీసం నడిపి చూడొచ్చు. విప్పేసిన కారుకు ఆ వీలు కూడా ఉండదు.

కొత్తగా ప్రైమర్ కొట్టిన బాడీ అమ్మేవాడి దృష్టిలో పూర్తయిన పని. అదే కొనేవాడికి అనుమానం. దాని కింద కొత్త రేకు వేసి వెల్డింగ్ చేశారా, తుప్పు మీదే పుట్టీ రుద్దారా? అయస్కాంతం పెట్టి చూస్తే పుట్టీ మందంగా ఉన్నచోట అంటుకోదు. కానీ డోర్ల కింది పెట్టె భాగాల లోపల ఏముందో అయస్కాంతం కూడా చెప్పదు. అందుకే చాలాసార్లు తుప్పు కళ్లకు కనిపించే కారే పై పూతతో మెరిసే కారు కంటే తేలిగ్గా అమ్ముడవుతుంది. ఇంజన్ విషయమూ అంతే. బోరింగ్ చేయించామని నోటితో చెప్పడం వేరు, లేత్ షాపు బిల్లు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు చూపించడం వేరు.

ఇక డబ్బాల్లో ఉన్న కారు సంగతి. ఏ భాగం ఉందో ఏది పోయిందో తేల్చడానికే వారం పడుతుంది. విప్పిన మనిషికి మాత్రమే తెలిసిన సంగతులు అతనితోనే పోతాయి. అందుకే విప్పేసిన కారు చాలాసార్లు, ఏ పనీ చేయకుండా నిలబెట్టిన కారు కన్నా తక్కువ పలుకుతుంది. లక్షలు ఖర్చుపెట్టి విలువ తగ్గించుకోవడమంటే ఇదే.

ఇనుము కన్నా కాగితం బరువు

భారతదేశంలో ఈ లెక్కనంతా తలకిందులు చేసేది ఆర్‌సీ. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి వింటేజ్ వాహనాలకు ప్రత్యేక వర్గం ఏర్పాటు చేసింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు దీని కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ. 20,000. అది పదేళ్లు చెల్లుతుంది. తర్వాత పునరుద్ధరణకు రూ. 5,000. నంబరు పలకపై రాష్ట్ర కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలుంటాయి. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న వాహనాలు పాత నంబరు ఉంచుకోవచ్చు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం నింపుకోవడం లాంటి వాటికే రోడ్డెక్కాలి. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడకూడదు.

ఇందులో అసలు షరతు వేరే ఉంది. వాహనం అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మన దగ్గర పాత కార్ల చరిత్ర చూస్తే ఇది చిన్న షరతు కాదు. పెట్రోలు ఖర్చు భరించలేక పెద్ద పెద్ద అమెరికన్ కార్లకు కూడా డీజిల్ ఇంజన్లు బిగించిన దేశం మనది. అలాంటి కారును ఎంత అందంగా తీర్చిదిద్దినా వింటేజ్ గుర్తింపు కష్టం. అసలు ఇంజన్ నంబరు ఆర్‌సీతో సరిపోయే కారుకు, సరిపోని కారుకు మధ్య తేడా అందుకే అంత భారీగా ఉంటుంది.

యాభై ఏళ్లు నిండని కార్లది ఇంకో బాధ. 2014 వరకు తయారైన అంబాసిడర్లు, 2000 ప్రాంతం వరకు వచ్చిన ప్రీమియర్ పద్మినిలు అత్యధికం ఈ కోవలోవే. వ్యక్తిగత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపై ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం రూ. 10,000కు పెంచింది. రుసుము కట్టగానే సరిపోదు, బండిని తనిఖీకి చూపించాలి. ఇటుకల మీదున్న కారును ఆర్‌టీఓ ఆఫీసుకు తీసుకెళ్లేదెలా? షెడ్డులో పని సాగినంత కాలం కాగితానికి కాలం చెల్లుతూ ఉంటుంది. ఆ జాప్యానికి నెలల లెక్కన అదనపు రుసుము పెరుగుతూ పోతుంది. కాగితం చచ్చిపోయిన కారు విడిభాగాల లెక్కకు దిగుతుంది. చివరికి తుక్కు ధరే దిక్కు. టన్నుకు అటూఇటూగా ఉండే కారుకు కిలో రూ. 30 చొప్పున వేసుకున్నా వచ్చేది ముప్పై వేల పైచిలుకు.

అమ్మాక కూడా వదలని బాధ్యత

పని పూర్తయ్యాకే పేరు మార్పిస్తానని కొనేవాడు అడగడం, సరేనని అమ్మేవాడు ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టివ్వడం ఈ లావాదేవీల్లో మామూలే. ఇది ప్రమాదకరం. రవాణా శాఖ రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. రేపు ఆ కారు రోడ్డెక్కి ప్రమాదం చేస్తే పరిహారం కేసు పాత యజమాని గుమ్మం తొక్కుతుంది.

పన్ను కోణం కూడా ఉంది. వాడిన వాహనాలు అమ్మే రిజిస్టర్డ్ వ్యాపారి తన మార్జిన్‌పై 18 శాతం జీఎస్టీ కట్టాలని 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి నిర్ణయించింది. సొంత కారు అమ్ముకునే వ్యక్తికి అది వర్తించదు. ఆదాయపన్ను సంగతి అలా కాదు. 1983లో రూ. 20 వేలకు కొన్న 1931 నాటి ఫోర్డ్ టూరర్‌ను తర్వాత రూ. 21 లక్షలకు అమ్మిన కేసులో, సొంతానికి వాడినట్టు ఆధారాలు లేవు కాబట్టి లాభం పన్నుకు లోబడుతుందని 2025లో బాంబే హైకోర్టు తీర్పిచ్చింది. ఏళ్ల తరబడి షెడ్డు దాటని కారును సొంతానికి వాడామని నిరూపించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ఖర్చుల బిల్లులు దాచుకోవడం ఇక్కడ కూడా అక్కరకొస్తుంది. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఎటూ అనుమతించదు.

ఏం చేయొచ్చు?

అమ్మేవాళ్ల చేతిలో ఉన్నది చిన్నదే అయినా ఫలితం పెద్దది. భాగాలన్నీ ఒకచోట పేర్చి, పేర్లు రాసి, లేనివాటి జాబితా కూడా దాచకుండా ఇవ్వాలి. ఛాసిస్, ఇంజన్ నంబర్ల ఫొటోలు ఆర్‌సీ పక్కన పెట్టాలి. ఇంజన్ స్టార్టవుతుంటే ఆ శబ్దమే పెద్ద సాక్ష్యం. ఉన్న డబ్బు పెయింటుకు పెట్టడం కన్నా ఇంజన్ తిప్పడానికి, ఆర్‌సీ సరిచేయడానికి పెడితే ఎక్కువ తిరిగొస్తుంది. ముఖ్యంగా, పెద్దవాళ్లు పోయిన ఇళ్లలో ముందు ఆర్‌సీని వారసుల పేరిట మార్పించుకోకుండా బేరానికి దిగకూడదు.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. మరమ్మతులో ఉన్న కారును యజమాని ముందే నమోదు చేసుకుంటే, ఒక గడువు వరకు రిజిస్ట్రేషన్ కాలాన్ని ఆపి ఉంచే వెసులుబాటు కల్పించవచ్చు. వింటేజ్ కమిటీలు పని పూర్తయ్యాక మాత్రమే కాకుండా, మొదలుపెట్టక ముందే కారును చూసి ఏది మార్చొచ్చో ఏది మార్చకూడదో రాసిస్తే, లక్షలు పోశాక గుర్తింపు దక్కని దుస్థితి తప్పుతుంది. కొనేవాడికీ అదే భరోసా అవుతుంది.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూసి మురిసిపోతాం. రాజుల కార్లకు మ్యూజియాలున్నాయి. మధ్యతరగతి ఇళ్లు తిరిగిన అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డులు మిగలాలంటే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఉన్న చేతి పనివాళ్లు, ఓపికున్న యజమానులు కావాలి. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకోవాలి. ఆ చేతులు మారే చోట ధర న్యాయంగా, కాగితం సక్రమంగా లేకపోతే పట్టా కింది కారు తుక్కు కొట్టుకే చేరుతుంది.