ఇల్లూ వాకిలీ: ఏసీ కొనకముందే ఇల్లు చల్లబడాలి

వేసవి దగ్గరపడిందంటే ఇక్కడి మన ఇళ్ళల్లో రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. ఒకటి, "ఊరినుంచి అమ్మావాళ్ళు వస్తున్నారు". రెండోది, "ఈసారి కరెంటు బిల్లు ఎంతొస్తుందో!" ఈ రెండింటికీ సంబంధమున్న విషయాన్నే ఈ సంచికలో మాట్లాడుకుందాం. ఎండలు మండే ఈ దేశంలో ఇల్లు ఎలా ఉండాలి? కొత్తగా ఇల్లు కట్టించుకోబోయేవాళ్ళు బిల్డరు కాగితాల మీద సంతకం పెట్టకముందే ఇది చదివితే మేలు.

రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, మనకిదో లెక్కా అనుకుంటాం. కానీ 2009 జనవరి చివర్లో మెల్బోర్న్‌లో వరుసగా మూడు రోజులు 43 డిగ్రీలు దాటింది. మూడోరోజు, 30వ తేదీ సాయంత్రం, లక్షలమందికి కరెంటు పోయింది. ఆ వారంలో విక్టోరియా రాష్ట్రంలో మామూలుకంటే 374 మంది ఎక్కువగా చనిపోయారని అక్కడి ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. వాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళే. కరెంటు లేనప్పుడు ఏసీ గోడమీది బొమ్మతో సమానం. అప్పుడు పెద్దవాళ్ళనీ పసిపిల్లల్నీ కాపాడాల్సింది ఇల్లే.

మరి ఏడాదిలో ఎన్నో నెలలు ఇలాంటి ఎండల్లోనే గడిపే ఎడారి జనం ఏం చేస్తున్నారు?

దక్షిణ ఆస్ట్రేలియాలో కూబర్ పీడీ అనే ఊరుంది. 1915లో అక్కడ ఓపల్ రాళ్ళు దొరికాయి. వాటికోసం తవ్వుకుంటూ వెళ్ళినవాళ్ళు కొండలోనే గదులు తొలుచుకుని కాపురాలు పెట్టారు. ఈనాటికీ ఎంతోమంది అలాగే ఉంటున్నారు. బయట 45 డిగ్రీలున్నా లోపల ఏడాది పొడుగునా 25 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. అంత మందమైన రాయి వేడిని చాలా నెమ్మదిగా పీల్చుకుని, అంతే నెమ్మదిగా వదులుతుంది. అనంతపురం, కర్నూలు వైపు మందపాటి గోడలతో కట్టుకున్న మట్టి మిద్దెల రహస్యం కూడా ఇదే.

ఇప్పుడు మన సబర్బు ఇంటికి వద్దాం. మామూలు బ్రిక్ వెనీర్ ఇంట్లో ఇటుక బయటా, పల్చటి జిప్సం బోర్డు లోపలా ఉంటాయి. అంటే చల్లదనాన్ని దాచుకోగల బరువు వస్తువు ఎండలో నిలబడి ఉంటుంది! కాబట్టి లోపల మిగిలిన బరువు కాంక్రీటు నేల ఒక్కటే. దానిమీద కార్పెట్ పరిచేస్తే ఆ మేలూ పోతుంది. హాల్లోనైనా టైల్సు వేయించుకోండి. రాత్రి చల్లగాలి తిరగ్గానే ఎదురెదురు కిటికీలు తెరిచి, పొద్దున్నే మూసేస్తే ఆ నేల పగలంతా చల్లగా ఉంటుంది.

ఇక దిక్కుల సంగతి. స్థలం చూడ్డానికి వెళ్ళగానే మనవాళ్ళు ముందు అడిగేది "తూర్పు ముఖమేనా?" అని. అడగండి, తప్పులేదు. కానీ సూర్యుడు ఇక్కడ ఎటునుంచి వెళతాడో కూడా చూడండి. మన ఊళ్ళో ఏడాదిలో ఎక్కువకాలం దక్షిణంగా వాలి వెళ్ళే సూర్యుడు సిడ్నీ, మెల్బోర్న్, అడిలైడ్, పెర్త్‌లలో ఎప్పుడూ ఉత్తరంగానే వెళతాడు. సిడ్నీలో డిసెంబరు మధ్యాహ్నం దాదాపు 80 డిగ్రీల ఎత్తున, నడినెత్తికి దగ్గరగా ఉంటాడు. జూన్‌లో 33 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అందుకని ఉత్తరం కిటికీకి సరిపడా చూరు ఉంటే చాలు, వేసవి ఎండ బయటే ఆగిపోతుంది, చలికాలపు ఎండ లోపలికొస్తుంది. కిటికీ అడుగునుంచి చూరుదాకా ఎంత ఎత్తుందో, అందులో 45 శాతం చూరు ముందుకు రావాలని ఇక్కడ చెప్పుకునే ఒక సులువైన కొలత.

పడమటి ఎండ అలా లొంగదు. అది ఏటవాలుగా చూరు కిందనుంచి దూసుకొస్తుంది. అటువైపు గరాజో, లాండ్రీయో, స్టోరు గదో పెట్టించండి. కిటికీ తప్పనిసరైతే లోపలి కర్టెన్‌కంటే బయటి బ్లైండు మేలు. అద్దం దాటి లోపలికొచ్చిన వేడి మళ్ళీ బయటికి పోవడం కష్టం. ద్రాక్ష పందిరి వేస్తే ఇంకా మంచిది. వేసవిలో నీడ, చలికాలంలో ఆకురాలి వెలుతురు. ఈశాన్యం తెరిపిగా, నైరుతి బరువుగా ఉండాలన్న మన వాస్తు మాట ఈ దేశపు ఎండకు చక్కగా అతుకుతుంది!

మూడోది పైకప్పు. కొత్త కాలనీల్లో ఎటు చూసినా నల్లటి కప్పులే. నల్లని కప్పు మీద పడిన ఎండలో పదింట తొమ్మిది పాళ్ళదాకా తాగేస్తుంది. తెల్లనిది మూడు పాళ్ళకు మించదు. ఎడారి మధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో 2008 నుంచి 2013 దాకా ప్రభుత్వ సోలార్ సిటీ పథకం నడిచింది. ఇళ్ళకొచ్చి కరెంటు వాడకం తనిఖీ చేయడం, సోలార్ వేడినీళ్ళతోపాటు కప్పుకు తెల్లరంగు వేయించడాన్నీ అది ప్రోత్సహించింది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. మీ ఎస్టేటు నిబంధనలు లేతరంగును ఒప్పుకుంటాయో లేదో ముందే అడగండి. కప్పు కింద ఇన్సులేషన్ మాత్రం ఏ ఊళ్ళోనైనా తప్పనిసరి.

చూరు, నీడ, రంగు అన్నీ కుదిరాక మిగిలిన వేడికి సీలింగ్ ఫ్యాను, ఆ తర్వాతే ఏసీ. పొడిగాలి ఉండే చోట మన హైదరాబాదు కూలర్ లాంటి ఎవాపరేటివ్ కూలర్ చాలా తక్కువ కరెంటుతో పనిచేస్తుంది. బ్రిస్బేన్ లాంటి ఉక్కపోత ఊళ్ళో మాత్రం దాన్ని నమ్ముకోకండి.

వలొంగాంగ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు 2018లో దుబాయ్‌లో జరిగిన సోలార్ డెకాత్లాన్ పోటీకి 'డెజర్ట్ రోజ్' అనే ఇల్లు కట్టారు. ఎడారి వేడికి తట్టుకోవడంతోపాటు మతిమరుపు జబ్బున్న వృద్ధులు సుఖంగా ఉండేలా దాన్ని రూపొందించి రెండో స్థానం గెలుచుకున్నారు. ఎండకు తగిన ఇల్లంటే పెద్దలకు తగిన ఇల్లు అని వాళ్ళు గుర్తించారు.

2022 నిర్మాణ నియమావళి కొత్త ఇళ్ళకు పదికి 7 నక్షత్రాలు ఉండాలంటోంది. రాష్ట్రాన్నిబట్టి అమలులో తేడాలున్నాయి. ఒకే ప్లాను ఒక స్థలంలో 7 తెచ్చుకుని, దిక్కు మారితే తగ్గిపోవచ్చు. అందుకని బిల్డర్ని "ఈ ప్లాను నా స్థలంలో ఎన్ని నక్షత్రాలు? అద్దంలోలా తిప్పితే ఎన్ని?" అని అడగండి. గోడలు లేచాక ఇంటిని తిప్పలేం. కాగితం మీదైతే గీత మార్చడమే.

పిల్లలకో పని: రెండు ఒకేలాంటి చెప్పుల డబ్బాలు తీసుకోండి. ఒకదాని మూతకు నల్లకాగితం, రెండోదానికి తెల్లకాగితం అంటించండి. లోపల ఒక్కో థర్మామీటరు పెట్టి అరగంట ఎండలో ఉంచండి. టోపీ మరిచిపోవద్దు! రెండు అంకెలూ రాసుకుని, తర్వాత నల్లడబ్బాకు అట్టముక్కతో నీడపట్టి మళ్ళీ చూడండి. ఆ అంకెలు అమ్మకూ నాన్నకూ చూపించి, మన ఇంటి కప్పు ఏ రంగో అడగండి.

వచ్చే సంచికలో వాననీటి ట్యాంకుల గురించి చెప్పుకుందాం. అంతవరకూ చల్లగా ఉండండి.