ఇంటి దగ్గర బేరమాడితే తప్పేమిటి?

మొన్న ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర, మొదటిసారి ఫ్లాట్ చూసుకుంటున్న కుర్రాడొకడు, చదరపు అడుగుకు రెండు వందలు తగ్గించమని బిల్డర్‌ని అడిగానని చెప్పాడు. పక్కనున్న పెద్దాయన వెంటనే అందుకున్నాడు: "ఇంటి దగ్గర బేరాలేంట్రా? నచ్చితే టోకెన్ ఇచ్చెయ్యాలి. లక్ష్మి వచ్చే వేళ పీనాసితనం పనికిరాదు." చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. ఆ కుర్రాడు ఏదో తప్పు చేసినవాడిలా మాట మింగేశాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ మాట ఆయనొక్కడిదే అయితే వదిలేసేవాణ్ణి. హైదరాబాద్‌లో ఇల్లు వెతికే ప్రతి జంట చెవిలోనూ ఇదే నూరిపోస్తున్నారు. ఉగాదికి రేటు పెరుగుతుందట. తూర్పు ఫేసింగ్‌లో ఇదొక్కటే మిగిలిందట. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందట. ఈ తొందర వల్ల అమ్మేవాడికి లాభం, కమీషన్ తీసుకునేవాడికి లాభం. ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టేవాడికి దమ్మిడీ లాభం లేదు.

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. ఆ ఒక్క అంకె పట్టుకుని శంకర్‌పల్లి, సదాశివపేట దాకా ప్రతివాడూ తన రేటు సమర్థించుకుంటున్నాడు. ఆకాశహర్మ్యాలకు అనుమతి ఉన్న వేలం భూమికీ, ఊరవతల ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కీ సంబంధమేమిటి? అడిగితే "మార్కెట్ అండీ" అంటారు. మార్కెట్ అంటే కొనేవాడు కూడా ఒక మాట అనగలిగేది. ఒకడే ధర చెప్పి, రెండోవాడు తల వంచుకుని డబ్బు కట్టేది మార్కెట్ ఎలా అవుతుంది?

అసలు మోసం సూపర్ బిల్టప్ ఏరియాలో ఉంది. నా కోపమంతా దాని మీదే. చదరపు అడుగు 7,000 అంటారు, ఫ్లాట్ 1,500 అడుగులంటారు, కోటీ 5 లక్షలవుతుంది. లోపల టేపు పెట్టి కొలిస్తే కార్పెట్ ఏరియా 1,050 అడుగులు తేలిందనుకోండి. అప్పుడు మనం కాలు పెట్టే నేలకు ఇస్తున్నది అడుగుకు 10,000. మిగతాదంతా మెట్లు, లిఫ్టు, కారిడార్, క్లబ్ హౌస్‌లో మన వాటా. పోనీ అక్కడితో ఆగుతారా? అదే క్లబ్ హౌస్‌కు మళ్లీ ఎమినిటీస్ ఛార్జీలు. పై అంతస్తుకు ఫ్లోర్ రైజ్. మూల ఫ్లాట్‌కు కార్నర్ ఛార్జీ. తూర్పు ఫేసింగ్‌కు ఇంకొంత. సూర్యుడు ఎప్పటి నుంచి బిల్డర్ ఆస్తి అయ్యాడు? తూర్పుకు ఎక్కువ తీసుకునేవాడు పడమరకు తగ్గించాలి కదా! అడిగి చూడండి, "అది బేస్ రేటండీ" అంటాడు. ఇక పార్కింగ్. స్టిల్ట్ పార్కింగ్‌ను విడిగా అమ్ముకునే హక్కు బిల్డర్‌కు లేదని ముంబై సొసైటీ ఒకదాని కేసులో 2010లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కొటేషన్ కాగితంలో మాత్రం కారు నిలిపే చోటుకు లక్షలు వేస్తూనే ఉన్నారు. ఇళ్లు కొనేవాళ్ల రక్షణ కోసం రెరా చట్టం 2016లో వచ్చింది, కార్పెట్ ఏరియా అంటే ఏమిటో అందులో నిర్వచించారు. మరి సైట్ ఆఫీసులో ఆ మాట ఎత్తగానే మొహం ఎందుకు మాడ్చుకుంటారు?

ఇన్ని పద్దులున్న కాగితం ముందు కూర్చున్నవాణ్ణి బేరమాడవద్దనడం పెద్దరికం కాదు, అన్యాయం. ఆ కుర్రాడు అడిగిన రెండు వందలు 1,500 అడుగుల మీద 3 లక్షలు. అదే 3 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పుగా తీసుకుంటే, కట్టేది 6 లక్షల పైచిలుకు. పీనాసితనమన్న పెద్దాయన ఆ వాయిదాలు కడతాడా?

పైగా కోటీ 5 లక్షల ఇంటికి బ్యాంకు ఇచ్చేది ఎంత? 75 లక్షలు దాటిన అప్పుకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన హద్దు ఇంటి విలువలో 75 శాతం. అంటే 26 లక్షల పైన చేతినుంచి పెట్టాలి. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం వేరు. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ అయితే జీఎస్టీ 5 శాతం వేరు. మొదటి ఇల్లు కొనేవాడికి ఇదంతా అమ్మానాన్నల దాపుడు సొమ్ము, భార్య నగలు, పీఎఫ్. దాన్ని కాపాడుకోవడానికి నోరు తెరిస్తే చిన్నతనమా? బ్యాంకు తన వాటా ఇచ్చే ముందు లాయర్‌తో లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద తాకట్టులేమైనా ఉన్నాయేమో చెప్పే ఈసీ చూపించుకుంటుంది, వాల్యుయర్‌ను పంపి లెక్క కట్టిస్తుంది. బ్యాంకును పీనాసి అని ఎవరూ అనరు. ఆ జాగ్రత్త మనిషి చూపిస్తే మాత్రం లక్ష్మి అలుగుతుందా?

బేరమాడితే అమ్మేవాడితో సంబంధం చెడుతుందని ఇంకో వాదన. డబ్బు ముట్టాక ఫోన్ ఎత్తని మనిషితో చెడడానికి సంబంధమేముంది? దాని గురించి ఇంతకంటే మాట్లాడడం దండగ.

మరేం చేయాలంటారా? చూసిన రోజే టోకెన్ ఇవ్వకండి. ఆ చుట్టుపక్కల ఈమధ్య రిజిస్టరైన ఫ్లాట్లు నిజంగా ఎంతకు పోయాయో అక్కడ ఉంటున్నవాళ్లని అడగండి. రేటు తగ్గించనన్నాడా, పార్కింగ్ కలపమనండి, ఎమినిటీస్ ఛార్జీ తీసెయ్యమనండి. లోను రాకపోతే అడ్వాన్స్ పూర్తిగా తిరిగివ్వాలని, ఫలానా తేదీకి ఇల్లు అప్పగించాలని కాగితం మీద రాయించుకోండి. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. కొనేవాడికి చట్టం ఇచ్చిన బలమది, మొహమాటపడి వదులుకోకండి. సెకండ్ హ్యాండ్ ఇల్లయితే పద్ధతి కొంత మారుతుంది కానీ, అడగాలన్న సూత్రం మారదు.

అడిగితే పోయే ఇల్లు పోనివ్వండి. ధర అడిగినందుకే కించపరిచే మనిషి, రేపు గోడ చెమర్చిందని వెళ్తే మర్యాద చూపిస్తాడా? అలాంటివాడికి ఇరవై ఏళ్ల సంపాదన అప్పజెప్పకపోవడమే కొత్తగా ఇల్లు కొనేవాడికి మొదటి లాభం.